ముక్క తీశారు, ముక్కు పోయింది

కృష్ణా జిల్లా కింది కొసకు జనం కలంకారీ బట్టలు కొనుక్కోవడానికో, సాగర సంగమంలో మునక వేయడానికో వెళ్తారు. నేను మూడు సంతకాల కోసం వెళ్లాను. మూడూ దొరికాయి. అయితే మూడో కాగితం మీద సంతకంతో పాటు ఒక అదనపు వాక్యం ఉంది. అదేమిటని, పరిశోధనలకు అనుమతులిచ్చే మా కమిటీ వివరణ అడిగింది. నాలుగు పంక్తుల్లో వివరణ రాసిచ్చాను. ఆ నాలుగు పంక్తుల్లో పట్టనిది ఇక్కడ రాస్తున్నాను.

ముందు నా పని సంగతి చెప్పాలి. హైదరాబాదులో ఒక ప్రయోగశాలలో పనిచేస్తాను. నా పేరు ముందు డాక్టరు అనే మాట ఉంది కానీ వైద్యురాలిని కాను. నాకు జ్వరం వస్తే నేనూ చీటీ తీసుకుని బల్ల మీద కూర్చోవాల్సిందే. మెదడులో ఆలోచనలు నడిపే కణాల పక్కనే ఇంకో రకం కణాలుంటాయి. వాటికి తిండి అందించడం, చెత్త ఎత్తిపోయడం, పక్కనుండి కనిపెట్టుకోవడం వీటి పని. పేరంతా మొదటివాటిది, చాకిరీ అంతా వీటిది. తలకు దెబ్బ తగిలినప్పుడు ఈ చాకిరీ కణాల్లో కొన్ని చచ్చిపోతాయి, కొన్ని తట్టుకుంటాయి. తట్టుకున్నవాటిలో ఒక జాతి ప్రోటీన్లు బాగా పెరుగుతాయి. మామూలు రోజుల్లో కొద్దిగానే ఉండి, ఆపద రాగానే దండిగా తయారయ్యే ప్రోటీన్లవి. అవి కణాన్ని ఎలా కాపాడతాయన్నదే నా పని.

ఆ కణాలు ఆకాశం నుంచి ఊడిపడవు. రెండేళ్ల క్రితం విజయవాడలోని ఒక ఆసుపత్రిలో, తలకు దెబ్బలు తగిలి వచ్చినవాళ్లకు ఆపరేషన్లు చేశారు. నలిగిపోయిన మెదడు భాగాన్ని తీసేస్తే తప్ప ప్రాణం నిలవదనుకున్నవాళ్లకు తీసేశారు. ఆ పారేసేదాంట్లోంచి కొంచెం మాకిచ్చారు. మేం కణాలు పెంచి, గడ్డకట్టించి, చిన్న గొట్టాల్లో దాచాం. అప్పుడు రోగులకు స్పృహ లేదు కాబట్టి ఇంట్లోవాళ్లు సంతకాలు పెట్టారు. కోలుకున్నాక రోగి తానుగా ఒప్పుకోవాలని నియమం. గడువులోగా ఒప్పుకోకపోతే గొట్టం పారేయాలి.

అలా సంతకం పెట్టాల్సి మిగిలినవాళ్లు ముగ్గురు: బందరులో ఒకరు, గుడివాడలో ఒకరు, దివిసీమలో నాగాయలంక దగ్గర ఒకరు. నాగాయలంక గొట్టం మీదే నాకు ఆశ. ఆ కణాలను ముందు కాస్త వెచ్చబెట్టి, తర్వాత దెబ్బ కొడితే, మిగతావాటికన్నా చక్కగా నిలబడ్డాయి. ఎందుకో ఇంకా తెలియదు. ఆ గొట్టం పారేస్తే ఆ ప్రశ్నను కూడా పారేసినట్టే.

ఒప్పుకోలు పత్రాలు తెలుగులో రాసింది నేనే. మా ల్యాబులో తెలుగు రాయడం వచ్చినదాన్ని నేనొక్కదాన్నేనని నాకు కాస్త గర్వం కూడా ఉండేది.

బందరు: మూడు జిరాక్సులు

రైలు టిక్కెట్టు మీద మచిలీపట్నం, మనుషుల నోట్లో బందరు. నవంబరు మొదటి వారమైనా స్టేషను బయట చెమటలు కారాయి. మాది అనంతపురం వైపు. అక్కడ ఎండ కాలుస్తుంది, ఇక్కడ ఉడకబెడుతుంది. రెండింటిలో ఏది మేలంటే చెప్పలేను గానీ, ఉడికినవాడికి ఆకలి ఎక్కువేస్తుందని మాత్రం తెలిసింది. స్టేషను పక్క హోటల్లో నాలుగిడ్లీలు తిన్నాను. చట్నీలో కారం చూసి మా రాయలసీమకే కారమంటే తెలుసన్న భ్రమ వదిలింది.

మొదటి మనిషి రామ్మూర్తి గారు, రిటైరైన హెడ్డు గుమస్తా. స్కూటరు మీంచి పడి తలకు దెబ్బ తగిలించుకున్నారు. ఇప్పుడు కాస్త నిదానంగా మాట్లాడతారు గానీ ఒక్క మాటా జారదు. వస్తున్నానని ముందే ఆయనకు ఫోనులో సందేశం పెట్టాను. 'మీ మెదడులోని ఆధార కణాల విషయమై' అని శ్రద్ధగా టైపు చేశాను.

నేను కూర్చోగానే ఆయన ఒక కవరు నా ముందు పెట్టారు.

"మూడు జిరాక్సులు తీయించానమ్మా. మూడిటి మీదా సంతకం పెట్టి తేదీ వేశాను. ఒరిజినల్ కూడా బయట పెట్టాను, సరిచూసుకుంటారా?"

లోపల ఆయన ఆధార్ కార్డు నకళ్లు ఉన్నాయి.

"ఆధార్ కాదండీ. ఆధార కణాలు. అంటే ఆసరాగా ఉండే కణాలు."

"ఓహో." ఆయన నవ్వలేదు, చిన్నబుచ్చుకోనూ లేదు. "కణాలకు కూడా లింకు చేయమంటున్నారేమో అనుకున్నానమ్మా. గ్యాసుకు చేశాం, బ్యాంకుకు చేశాం, పెన్షనుకు చేశాం. మెదడు మిగిలిపోయిందనుకున్నా."

వాళ్లావిడ హల్వా పెట్టారు. బందరు హల్వా చేతికి నెయ్యి అంటుకోకుండా తినడం ఇక్కడివాళ్లకే సాధ్యం. లడ్డు తినలేదని తెలిసి, తొక్కుడు లడ్డు తినకుండా వెళ్తే బందరు వచ్చినట్టు లెక్క కాదని అదీ పెట్టారు. మా వైపు ఇంటికొచ్చినవాళ్లకు బొరుగులు పెట్టి, కడుపునిండా మాట్లాడి పంపిస్తాం. ఇక్కడ మాట్లాడాలంటే ముందు నోరు ఖాళీ చేసుకోవాలి.

కణాల సంగతి చెప్పాను. పని చేసేవి వేరు, వాటిని పనిలో నిలబెట్టేవి వేరు అన్నాను. రామ్మూర్తి గారు తల ఊపారు. "ఆఫీసు నడిపేది ఆఫీసరనుకుంటారమ్మా. ఆఫీసరు బదిలీ అయితే ఆఫీసు నడుస్తుంది. హెడ్డు గుమస్తా నాలుగు రోజులు సెలవు పెడితే తెలుస్తుంది." నా ఇరవయ్యేళ్ల చదువు సారాంశం ఆయన మూడు వాక్యాల్లో చెప్పేశారు. కాస్త కడుపు మండింది.

కొత్త కాగితం రెండుసార్లు చదివారు. సంతకం పెట్టకుండా లోపలికి వెళ్లి ఒక ఫైలు తెచ్చారు. అందులో, రెండేళ్ల క్రితం వాళ్లావిడ సంతకం పెట్టిన పాత పత్రం నకలు ఉంది. గుమస్తా ఇంట్లో కాగితం చిరునామా తప్పదు.

"'పరిశోధన నిమిత్తం మెదడు నుంచి చిన్న ముక్కను తీసుకొనుటకు నేను సమ్మతించుచున్నాను'," అని చదివారు. "పరిశోధన కోసమే కోశారామ్మా?"

"లేదండీ. చికిత్సలో ఎలాగూ తీసేసిందే. పారేసేదాంట్లోంచి కాస్త తీసుకున్నాం."

"అయితే అలా రాయాలిగా. 'తొలగించిన భాగము' అనాలి. ఇది ఎవరు డ్రాఫ్టు చేశారు?"

"మా ఆఫీసులోనేనండీ," అన్నాను. అబద్ధం కాదు.

"మంచి డ్రాఫ్టు కాదు," అని ఆయన కొత్త కాగితం మీద సంతకం పెట్టి, తేదీ వేసి, కింద ఊరి పేరు కూడా రాశారు. సెలవు తీసుకుని వస్తుంటే జిరాక్సుల కవరు చేతిలో పెట్టారు. పనికొస్తాయమ్మా, ఉంచుకోండి అన్నారు. ఇప్పటికీ నా బల్ల సొరుగులో ఉన్నాయి.

గుడివాడ: కుచ్చిళ్లు

పెడన మీదుగా గుడివాడకు వెళ్లే బండిలో కిటికీ సీటు దొరికింది. దారి పొడుగునా వరి, కాలవ, మళ్లీ వరి. నీళ్లు కనిపిస్తే దేంట్లోనైనా పట్టి దాచుకుందామనిపించే ఊళ్లో పుట్టినదాన్ని, అన్ని నీళ్లు ఎవరూ పట్టించుకోకుండా పారుతుంటే నాకు మనసులో స్థిమితం ఉండలేదు. ఎదురు సీటులో ఒకావిడ పెరుగు క్యాను కాళ్ల మధ్య పెట్టుకుని కూర్చుంది. మా ఊళ్లో కాలవలు లేవంటే, "మరి బట్టలెక్కడ ఉతుకుతారండీ?" అని జాలిగా అడిగింది.

గుడివాడలో రెండో మనిషి సుజాత. ముప్ఫై దాటని అమ్మాయి. ఆటో బోల్తాపడి తల పగిలింది. ఇప్పుడు కుడిచెయ్యి కాస్త మొద్దు, అంతే. ఆమె చేసే పని ఇదివరకు వినలేదు. పెళ్లిళ్లకు, ఫంక్షన్లకు కట్టుకోబోయే పట్టుచీరలు ఆమెకు ఇస్తారు. ఆమె కుచ్చిళ్లు, పైటమడతలు ముందే పెట్టి, ఇస్త్రీ చేసి, పిన్నులు గుచ్చి, పెట్టెలో సర్ది తిరిగి ఇస్తుంది. కట్టుకునేవాళ్లు ఐదు నిమిషాల్లో కట్టుకోవచ్చు. చీరకు మూడొందలు, కంచిపట్టుకు ఇంకా ఎక్కువ. మా అమ్మ బతికుండి ఇది వింటే, చీర కట్టుకోవడం రానిదానికి పట్టుచీరెందుకే అని ఉండేది.

గదినిండా చీరలు, మధ్యలో బల్ల, పక్కన కుర్చీలో ఆమె అత్తగారు. నేను విషయం మొదలుపెట్టాను. ఆ ప్రోటీన్లను మొదట వేడి తగిలిన కణాల్లో గుర్తించారు కాబట్టి ఇంగ్లీషులో వేడిదెబ్బ ప్రోటీన్లంటారని చెప్పాను.

అత్తగారు వెంటనే అందుకున్నారు. "వడదెబ్బకైతే మజ్జిగేనమ్మా. ఇంతకీ ఆ ప్రోటీను వేడి చేస్తుందా, చలవ చేస్తుందా?"

ఈ ప్రశ్న నన్ను ఏ సదస్సులోనూ ఎవరూ అడగలేదు. వేడి చేసినప్పుడు పుడుతుంది, పుట్టి చలవ చేస్తుంది అన్నాను. ఆవిడ తృప్తిపడ్డారు. నిజానికి తప్పు కూడా లేదు.

సుజాతకు ఇంకాస్త వివరం కావాలట. ప్రోటీను అంటే పొడుగాటి దారం లాంటిదని, అది సరిగ్గా మడతపడి ఉంటేనే దాని పని అది చేస్తుందని చెప్పాను. దెబ్బ తగిలితే, వేడి పెరిగితే మడతలు విడిపోతాయి. విడిపోయినవి ఒకదానికొకటి చుట్టుకుని ముద్దవుతాయి. ఆ ముద్దలు పేరుకుంటే కణం చచ్చిపోతుంది. అప్పుడు ఈ ప్రోటీన్లు వచ్చి, జారిపోతున్నవాటిని పట్టుకుంటాయి. మళ్లీ మడతపెట్టగలిగితే పెడతాయి, పనికిరానివాటిని బయటికి పంపిస్తాయి.

"కుచ్చిళ్లు పట్టుకునే మనిషండి," అంది సుజాత. "పెళ్లికూతురికి చీర కట్టేటప్పుడు ఒకళ్లు కింద కూర్చుని కుచ్చిళ్లు పట్టుకోవాలి. వాళ్లు ఫొటోలో పడరు. వాళ్లు చెయ్యి వదిలితే మాత్రం అందరికీ తెలుస్తుంది."

నాకు నచ్చింది. మా శాస్త్రవేత్తలు దీనికి ఇంగ్లీషులో పెళ్లికాని పిల్లల వెంట కాపలాకు వెళ్లే ముసలమ్మ పేరు పెట్టారు. కుచ్చిళ్లు పట్టుకునే మనిషి ఎంతో నయం.

సంతకం పెడుతూ సుజాత నవ్వింది. "అప్పుడు మా ఆయన గంటసేపు పెట్టలేదంటండీ. మెదడు ముక్క తీసుకుంటాం అని రాసుందిగా. పిచ్చిదైపోతుందేమో అని భయపడ్డారంట. నర్సమ్మ చెప్పాక పెట్టారు."

"అలా అనుకున్నారా," అన్నాను. బయటకొచ్చి ఆటో ఎక్కాక కూడా ఆ గంట గురించి ఆలోచించకుండా ఉండటానికి, ఒక కొట్టు దగ్గర ఆగి వేడి వేడి పునుగులు తిన్నాను. బాగున్నాయి.

పామర్రు నుంచి దివిసీమకు

మూడో రోజు పామర్రులో బస్సు మారాను. చల్లపల్లిలో బస్సు కాసేపు ఆగింది. అక్కడే నా సంచికి చావొచ్చింది. ఎవరో చేపల పెట్టె ఒకటి నా సీటు పక్కన దించారు. ఐసు కరిగి, ఆ నీళ్లన్నీ నా సంచి అడుగును తడిపాయి. కాగితాలు ప్లాస్టిక్ కవర్లో ఉండబట్టి బతికాయి. సంచి, దానితోపాటు నా చీర కుచ్చిళ్లు ఇక మనుషుల్లో తిరిగే స్థితిలో లేవు.

పులిగడ్డ దగ్గర నది పాయ దాటేటప్పుడు అందరూ నీళ్లకేసి చూస్తారట. మా బస్సులో అందరూ నాకేసి చూశారు. పక్కసీటు పెద్దాయన మర్యాదస్తుడు. "రాగండి చేపలేనాండీ?" అని అడిగి, కిటికీ మొత్తం తెరిచారు. అవనిగడ్డలో టీ కొట్టు ఆయన నా గ్లాసు బయటికే తెచ్చిచ్చాడు. నాగాయలంకలో ఆటో అబ్బాయి సంచిని వెనక డిక్కీలో పెట్టమని బతిమాలాడు. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఆ రోజు నన్ను చూసి ముక్కు చిట్లించని మనిషి ఒక్కరే తగిలారు.

నాగాయలంక: గిన్నె దగ్గర

ఆయన పేరు ప్రకాశం. వంట మేస్త్రీ. పెళ్లిళ్లకు, చర్చి పండగలకు, దినాలకు వండుతాడు. రాత్రిపూట బండి మీద వస్తుంటే గేదె అడ్డం వచ్చి పడ్డాడు. నేను వెళ్లిన రోజు ఇంట్లో లేడు. వాళ్ల పేటలో ఒకరు కొత్త ఇల్లు కట్టుకుని కృతజ్ఞత కూడిక పెట్టుకున్నారు. దేవుడికి స్తోత్రాలు చెప్పి, ప్రార్థన చేసి, వచ్చినవాళ్లందరికీ భోజనం పెడతారు. మా గృహప్రవేశాల్లో హోమం పొగకు కళ్లు మండి అందరం ఏడుస్తాం. ఇక్కడ దేవుడు తనకు చేసిన మేలు గురించి అందరి ముందూ సాక్ష్యం చెబుతూ ఇంటాయన ఒక్కడే ఏడ్చాడు. ఇంటి వెనక రేకుల పందిరి కింద, మూడు పొయ్యిల దగ్గర ప్రకాశం, ఆయన భార్య కరుణమ్మ ఉన్నారు.

"రండి మేడం గారూ," అంటూ ప్రకాశం నాకు కుర్చీ వేసి, సంచి అందుకుని, తన పక్కనే పెట్టుకున్నాడు. మొహంలో ఏ మార్పూ లేదు. కరుణమ్మ మాత్రం ఒక్క క్షణం ఆగింది. తర్వాత చెంబుతో నీళ్లు, సబ్బు తెచ్చింది. "సంచి అటు ఎండలో పెడదామండి," అంది మెల్లగా.

"ఎందుకు, సంచికేమైంది?" అన్నాడు ప్రకాశం.

కరుణమ్మ నాకేసి చూసింది, నేను సంచికేసి చూశాను. ఆయన మా ఇద్దరినీ చూశాడు. "ఓహో," అని ఆగాడు. తర్వాత నాతో అన్నాడు. "మా పేటలో ఇదో సామెత అయిపోయిందండి. ముక్క తీశారు, ముక్కు పోయింది అంటారు."

అప్పుడు తెలిసింది. పడ్డ రోజు నుంచి ఆయనకు వాసన తెలియదు.

"ఉప్పు కారం నాలుక చూసుకుంటుందండి. పులుపూ అదే చూసుకుంటుంది. పచ్చివాసన పోయిందో లేదో ముక్కు చెప్పాలి. అడుగంటుతుంటే ముక్కు చెప్పాలి. వంటోడికి ముక్కు లేదని తెలిశాక పెద్ద వంటలకు పిలవడం మానేశారు." కరుణమ్మ వైపు గడ్డంతో చూపించాడు. "ఇప్పుడు ఇది పక్కన నిలబడి చెబుద్ది. అలా నడుస్తోంది."

"అంగన్‌వాడీలో ఆయాగా చేసేదాన్నండి. మానేశాను," అంది కరుణమ్మ.

నేను కొత్త కాగితం తీశాను. ఆయన దాన్ని చూడలేదు. "సంతకం తర్వాత. నా ముక్క మీ దగ్గర బతికే ఉందంటగా?"

"దాంట్లోంచి పెంచిన కణాలు ఉన్నాయి. గడ్డకట్టించి ఉంచాం."

"అది ఇచ్చేయండి. డాక్టర్లకు చూపించుకుంటాను. మళ్లీ పెట్టగలరేమో. నా వాసన అందులో ఉంది."

పెట్టలేరన్నాను. ఆయన నమ్మినట్టు లేదు. పొయ్యిలో కట్టె సర్దుతూ, నన్ను చూడకుండా మాట్లాడాడు. "నేను మాట్లాడే స్థితిలో లేను. ఇది సంతకం పెట్టింది. పరిశోధనకు ముక్క తీసుకోండి అని పెట్టింది. చదువు రానిదా అంటే టెన్త్ పాసైంది. చదివే పెట్టింది."

"ఆపరేషను చేయకపోతే బతకరన్నారు. నాలుగు కాగితాలిచ్చారు. నాలుగిటి మీదా పెట్టాను," అంది కరుణమ్మ. ఆ మాటలు ఎన్నిసార్లు చెప్పిందో, అప్పజెప్పినట్టు వచ్చాయి. రెండేళ్లుగా ఆ ఇంట్లో జరుగుతున్నదేమిటో నాకు అర్థమైంది. ఆమె సంతకం వల్ల ఆయన ముక్కు పోయిందని ఆయన నమ్మాడు. ఆమె కూడా నమ్మింది. ఉద్యోగం మానేసి, ఆ గిన్నెల పక్కన నిలబడి, ఆ తప్పు దిద్దుకుంటోంది.

బందరు పెద్దాయన మాట గుర్తొచ్చింది. మంచి డ్రాఫ్టు కాదు.

నిజం చెప్పాలంటే నాకు సులభమైన దారి ఒకటి కనిపించింది. ముక్కు సంగతి శాస్త్రంగా వివరించి, కాగితం ఊసెత్తకుండా, సంతకం తీసుకుని సాయంత్రం బస్సు ఎక్కేయవచ్చు. అబద్ధం చెప్పక్కర్లేదు. బందరులో 'మా ఆఫీసులోనేనండీ' అనడం లాంటిదే. తప్పు నాదని ఒప్పుకుంటే ఆయన ఆ కోపంతో సంతకం పెట్టకపోవచ్చు, గొట్టం పోవచ్చు. అయినా సంచిలోంచి పాత పత్రం తీసి ఆయనకిచ్చాను.

ఆయన పైకి చదివాడు. "'పరిశోధన నిమిత్తం మెదడు నుంచి చిన్న ముక్కను తీసుకొనుటకు.' ఇదిగో, స్పష్టంగా ఉందిగా."

"అది తప్పు," అన్నాను. "అది రాసింది నేనే. పరిశోధన కోసం మిమ్మల్ని ఎవరూ కోయలేదు. నలిగిపోయిన భాగం తీయకపోతే మీరు బతికేవాళ్లు కాదని సర్జను తీశారు. పారేసేదాంట్లోంచి చిటికెడు మాకిచ్చారు. కరుణమ్మ గారు ఈ కాగితం మీద పెట్టకపోయినా ఆ ముక్క తీసేవాళ్లే. అలా రాయడం నాకు చేతకాలేదు."

సిగ్గేసింది.

నేను లేచి ఆయన తల మీద, చెవికి పైన ఉన్న కుట్ల మచ్చను వేలితో చూపించాను. "తీసింది ఇక్కడ. వాసన తెలిసేది ఇక్కడ." కనుబొమల మధ్య వేలు పెట్టాను. "ముక్కు పైకప్పులో జల్లెడలాంటి ఎముక ఉంటుంది. వాసన నరాలు ఆ చిల్లుల్లోంచి దారప్పోగుల్లాగా పైకి వెళ్తాయి. తల గట్టిగా అదిరితే అవి తెగిపోతాయి. నేను వైద్యురాలిని కాను, డాక్టరుకు చూపించుకోండి. కానీ నాకు తెలిసినంతలో, మీరు రోడ్డు మీద పడ్డప్పుడే అది పోయి ఉంటుంది. ఆసుపత్రికి చేరకముందే."

"అంటే ఇది పెట్టకపోయినా..."

"పెట్టకపోయినా పోయేదే."

ఆయన పొయ్యి వైపు తిరిగాడు. "మళ్లీ వస్తుందా?"

"రెండేళ్లయింది. ఇన్నాళ్లకు రావడం చాలా అరుదు. వస్తుందని నేను చెప్పను."

తల ఊపాడు. ఏడుస్తాడేమోనని భయపడ్డాను, ఏడవలేదు. "మరి ఆ గొట్టంలో ఉన్నదేంటి?"

ఆధార కణాలు అని నోటిదాకా వచ్చింది, మింగేశాను. "మెదడులో పక్కన నిలబడే కణాలు. అసలు పని చేసేవాటిని కనిపెట్టుకుని ఉండేవి. దెబ్బ తగిలితే వాటి లోపల అన్నీ మడత విడిపోయి ముద్ద కట్టబోతాయి. అలా ముద్ద కాకుండా కొన్ని పట్టుకుని ఉంటాయి. మీ కణాల్లో అవి గట్టిగా పట్టుకున్నాయి. ఎందుకో మాకు తెలియదు. మీరు ఒప్పుకుంటే చూస్తాం. ఒప్పుకోకపోతే పారేస్తాం, మిమ్మల్ని ఎవరూ ఏమీ అనరు."

ఈలోగా వెడల్పాటి గిన్నెలో చేపల పులుసు కుతకుతలాడుతోంది. బొచ్చె చేప ముక్కలు. అందులో గరిటె పెట్టకూడదట, ముక్క చెదిరిపోతుంది. కరుణమ్మ ఒకవైపు, ఆయన ఒకవైపు మసిగుడ్డలతో అంచులు పట్టుకుని గిన్నెను మెల్లగా అటూ ఇటూ తిప్పారు. ఎన్నాళ్లుగానో చేస్తున్న పని, ఒకరినొకరు చూసుకోనక్కర్లేకుండా జరిగింది.

"పచ్చివాసన పోయిందా?" అన్నాడు ప్రకాశం.

కరుణమ్మ వంగి చూసింది. "లేదు. చింతపండు ఇంకా తెలుస్తోంది. ఆగండి."

ఆయన చేతులు తుడుచుకుని నా దగ్గర పెన్ను తీసుకున్నాడు. కొత్త కాగితాన్ని కుర్చీ మీద పరిచి, సంతకం కోసం వదిలిన గీతకు పైన ఏదో రాయడం మొదలుపెట్టాడు.

"అక్కడేం రాయక్కర్లేదండీ," అన్నాను.

"మీకు రాయడం చేతకాలేదన్నారుగా. నేను రాస్తున్నా."

మెల్లగా, ఒక్కో అక్షరం దిద్దినట్టు రాశాడు. కింద సంతకం పెట్టాడు. కాగితం నాకివ్వలేదు, భార్యకిచ్చాడు. ఆమె చదువుతుంటే నేను పక్కనుంచి చూశాను.

ఆ రోజు నా భార్య కరుణమ్మ పెట్టిన సంతకం నాదే.

ఆమె దాన్ని మళ్లీ మొదటి నుంచి చదివింది. తడి చేతి గుర్తు పడకుండా అంచులతో పట్టుకుని నాకు అందించింది. పొయ్యి దగ్గరికి వెళ్లి, గిన్నె మీదికి వంగి, చాలాసేపు అలాగే ఉంది.

"పచ్చివాసన పోయింది," అంది. "దించుదాం పట్టండి."

చెరోవైపు మసిగుడ్డలు పట్టుకుని ఇద్దరూ గిన్నె దించారు.